గురువు, సతీర్థ్యుడు: కువైటు దేశమునుండి ఒక పాఠము



ఉపాధ్యాయ శిక్షణ ముగియు దినములు వచ్చినప్పుడు మన ద్వీపమందలి తెలుగు కుటుంబములలో ఒక ప్రత్యేకమైన సంతోషము కనబడును. చెరకు తోటలలో కొడవలి పట్టిన తాతముత్తాతల వంశమున పుట్టిన పిల్ల బడిపంతులమ్మ యగుట, పూజారిగారి మనుమడు నల్లబల్లయెదుట నిలిచి పిల్లలకు ఓనమాలు దిద్దించుటకు అర్హత పొందుట సామాన్యమైన విషయము కాదు. ఆ దినమున తల్లి దేవుని గూటిలో దీపము వెలిగించును. తండ్రి కొబ్బరికాయతో మందిరమునకు వచ్చును. శిక్షణ ముగించుకొన్నవారు తమతో చదివినవారికిని, తమకు పాఠము చెప్పు విధానమును నేర్పిన గురువునకును కృతజ్ఞతలు తెలుపుకొందురు. పూలదండ వేయుదురు, శాలువ కప్పుదురు, నాలుగు మంచి మాటలు చెప్పుదురు. పిమ్మట ఎవరి బడికి వారు పోవుదురు.

ఇక్కడనే మేము మన పాఠకులముందు ఒక ప్రశ్న నుంచుచున్నాము. ఆ నాలుగు మాటలతో ఋణము తీరినదా? గురువునకు శిష్యుడు బాకీ పడినది నిజముగా ఏమి? తనతోపాటు ఒకే బల్లమీద కూర్చున్న తోటివారికి అతడు బాకీ పడినది ఏమి? ఆ బాకీని ఏ నాణెములో తీర్చవలెను?

దీనికి సమాధానమును పురాణములలో వెదకుట మనకు అలవాటు. ఈసారి మాత్రము పురాణములతోపాటు మన బంధువులనేకులు పొట్టకూటికై పోయి నివసించుచున్న ఒక చిన్న ఎడారి దేశముయొక్క కథను కూడ మనవి చేయదలచితిమి. ఆ దేశము కువైటు. కడప, అన్నమయ్య, కోనసీమ మున్నగు జిల్లాలనుండి వేలకొలది తెలుగువారు అక్కడ డ్రైవర్లుగను, వంటవారుగను, ఇంటిపనివారుగను, తాపీపనివారుగను, నర్సులుగను, ఇంజనీర్లుగను పనిచేయుచున్నారు. అక్కడి విదేశీయులలో భారతీయులే అధికసంఖ్యాకులు. వారి సంఖ్య సుమారు పది లక్షలు. అయితే ఆ దేశమున చదువు ఎట్లు నాటుకొన్నదో, దానిని నాటినవారెవరో మనలో అనేకులకు తెలియదు. ఆ కథలో గురువు కలడు, సతీర్థ్యులు కలరు, కృతజ్ఞత కలదు, కృతజ్ఞతకు వచ్చిన కఠిన పరీక్షయు కలదు.

సతీర్థ్యుడను మాట

మొదట ఈ మాటను గూర్చి రెండు ముక్కలు. మనవారు తోటి విద్యార్థిని సహాధ్యాయి యందురు. సతీర్థ్యుడనియు అందురు. తీర్థమనగా పుణ్యజలము మాత్రమే కాదు, గురువు కూడ తీర్థమే. ఒకే తీర్థమునందు దాహము తీర్చుకొన్నవారు సతీర్థ్యులు. కాబట్టి ఈ మాటలోనే గురువును, తోటివాడును కలిసియున్నారు. గురువును మరచి తోటివానిని తలచుటకు వీలులేదు, తోటివానిని మరచి గురువును పూజించుటకును వీలులేదు.

సతీర్థ్యుల కథలు మనకు రెండు కలవు. ఒకటి శ్రీకృష్ణ కుచేలుల కథ. ఇరువురును సాందీపని మహర్షివద్ద చదివినవారు. కుచేలుడు అటుకులు కొంగున కట్టుకొని ద్వారకకు పోయినప్పుడు శ్రీకృష్ణుడు జ్ఞాపకము చేసినది ఏమి? తమ పాండిత్యమును కాదు. గురుపత్ని పంపగా కట్టెలకై అడవికి పోయినప్పుడు కురిసిన వానను, చీకటిలో ఒకరిచేయి ఒకరు పట్టుకొని గడపిన రాత్రిని, తెల్లవారినపిమ్మట తమను వెదకుకొనుచు వచ్చిన గురువును జ్ఞాపకము చేసెను. రెండవది ద్రోణ ద్రుపదుల కథ. వారును ఒకేచోట చదివినవారే. ద్రుపదుడు రాజైన పిమ్మట బీదవానికిని రాజునకును స్నేహమెక్కడిదని సతీర్థ్యుని అవమానించెను. ఆ యొక్క మాటనుండి పగ పుట్టెను, పగనుండి యుద్ధము పుట్టెను, కడకు ఇరువంశములకును కీడు కలిగెను. చదువు ఇరువురికిని సమానముగనే వచ్చినది. మొదటి జంటకు జ్ఞాపకము మిగిలినది, రెండవ జంటకు మిగులలేదు.

ముత్యములు తీసినవారి ఋణము

ఇక కువైటు సంగతి. చమురు బయటపడక పూర్వము ఆ దేశము బీదదేశము. 1938లో బుర్గాన్ ప్రాంతమున చమురు కనుగొనబడెను. అది మొదటిసారి ఓడలకెక్కినది 1946లో. అంతకు పూర్వము అక్కడివారి జీవనము సముద్రముమీదనే. ఎండకాలమున సుమారు నాలుగు నెలలు పురుషులు పడవలెక్కి ముత్యములకై పోవుచుండిరి. మునుగువాడు ముక్కునకు పట్టుకఱ్ఱ బిగించి, కాలికి బరువు కట్టుకొని, ఊపిరి బిగబట్టి అడుగునకు దిగును. పైన పడవమీద వేరొకడు తాడు పట్టుకొని నిలుచును. అడుగుననున్నవాడు తాడును కదల్చినతోడనే పైవాడు లాగవలెను. క్షణకాలము ఏమరినచో ప్రాణము పోవును. రాబడిలో మునుగువానికి వాటా కలదు, తాడు పట్టినవానికిని వాటా కలదు.

ఈ మునుగువారు పడవ యజమానివద్ద ముందుగా సొమ్ము తీసికొనుచుండిరి. ముత్యములు సరిగా దొరకని యేట ఆ బాకీ మరుసటి సంవత్సరమునకు పెరుగును. తండ్రి బాకీ తీర్చలేక చనిపోయినచో అది కొడుకు తలమీద పడుచుండెను. మన పాఠకులకు ఈ మాటలు కొత్తగా తోచవు. 1834వ సంవత్సరము నవంబరు 2వ తేదీన అట్లాసు ఓడ పోర్టులూయీ రేవున చేరిననాటినుండి ఒడంబడిక కాగితముమీద వేలిముద్ర వేసి వచ్చిన మన పెద్దలు ఎట్టి లెక్కలలో చిక్కుకొనిరో మన ఇండ్లలో నేటికిని చెప్పుకొందురు. కోరంగి రేవునుండి వచ్చినవారమగుటచే మనలను కోరంగీలనిరి. అక్కడ ముత్యము, ఇక్కడ చెరకు. అప్పు కట్టిన సంకెల మాత్రము ఒక్కటే.

అట్టి సంకెలను తెంచుటకు రెండు చోట్లను పెద్దలు కనుగొన్న ఉపాయము కూడ ఒక్కటే. అది బడి.

రూపాయలతో కట్టిన బడి

కువైటులో మొదటి క్రమమైన పాఠశాల 1911లో వెలసెను. నాటి పాలకుడు షేక్ ముబారక్ పేరుమీద దానికి ముబారకీయా పాఠశాల యని పేరిడిరి. దానిని ప్రభుత్వము కట్టలేదు, వర్తకులును ప్రజలును చందాలు వేసికొని కట్టిరి. ఆ దినములలో అక్కడ చెల్లిన నాణెము మన భారతదేశపు రూపాయియే. చందాలలో పెద్దమొత్తము, అనగా 50,000 రూపాయలు, బొంబాయిలో వ్యాపారము చేయుచుండిన ఇబ్రాహీం కుటుంబమువారు పంపిరి. అరబ్బీ పిల్లల చదువునకు బొంబాయి రేవున సంపాదించిన రూపాయి పునాదిరాయి యయ్యెననుట మనకు ముచ్చట కలిగించు విషయము.

ఆ పాఠశాలకై శ్రమించినవారిలో ముఖ్యుడు షేక్ యూసుఫ్ బిన్ ఈసా అల్‌ కినాయీ గారు. ఆయన మతపండితుడు, న్యాయవేత్త, తానే స్వయముగా పాఠములు చెప్పినవాడు. 1921లో అహ్మదీయా అను రెండవ పాఠశాల ఏర్పడుటకును ఆయన పాటుపడెను. పూజారులే మొదటి పంతుళ్లైన మన మందిరముల చరిత్ర యెరిగినవారికి ఇట్టి మహనీయుని స్వభావమును వేరుగా వర్ణింప నక్కరలేదు.

అయితే తరువాతి కాలము గడ్డుకాలము. జపానుదేశపు పెంపుడు ముత్యములు బజారులోనికి రాగానే సహజ ముత్యముల ధర పడిపోయెను. కువైటు పడవలు ఒడ్డున ఎండిపోయెను. అట్టి లేమిలోనే 1936లో అక్కడి పెద్దలు విద్యాసభ యొకటి యేర్పరచి, దిగుమతియగు సరకులపై నూటికి అర చొప్పున అదనపు సుంకము వేసి, ఆ సొమ్మును చదువునకే వినియోగింప నిశ్చయించిరి. వర్తకులు తమమీద తామే పన్ను వేసికొనిరన్నమాట. కలిగినకాలమున ఇచ్చుట సులభము. లేనికాలమున ఇచ్చినదే దానమని మన పెద్దలనుట.

పరదేశమునుండి వచ్చిన గురువులు

సొమ్ము చేకూరినది. పాఠము చెప్పువారేరీ? కువైటు పెద్దలు పాలస్తీనాకు వ్రాసిరి. 1936లో నలుగురు ఉపాధ్యాయులు అక్కడినుండి వచ్చిరి. వారు అహ్మద్ షిహాబుద్దీన్, జాబిర్ హదీద్, ఖమీస్ నజ్మ్, ముహమ్మద్ అల్‌ మగ్రిబీ గార్లు. తరగతులుగా విభజించి బోధించుట, లెక్కలు, భూగోళము, ఇంగ్లీషు, వ్యాయామము మున్నగునవి క్రమముగా నేర్పుట వారి రాకతో బలపడెను. మరుసటి యేటనే వసీఫా ఔదా, రిఫ్‌కా ఔదా అను అక్కచెల్లెండ్రు వచ్చి బాలికలకు పాఠశాల నడపిరి. ఆ కాలముననే మర్యం అబ్దుల్ మలిక్ అల్‌ సాలిహ్ అను కువైటు స్త్రీ బాలికలకు పాఠములు చెప్పసాగెను. ఆ దేశమున పుట్టిన మొదటి ఉపాధ్యాయిని యని ఆమెను నేటికిని గౌరవించుచున్నారు. 1945 నాటికి కువైటులో 17 పాఠశాలలు ఏర్పడెను.

పాఠకులారా, ఇచ్చట ఒక సంగతి గమనింపుడు. వచ్చినవారు తమ ఊరు, తమవారిని విడిచి ఎండకు మాడు ఒక చిన్న రేవుపట్టణమునకు వచ్చిరి. అప్పటికి అక్కడ చమురు సొమ్ము లేదు, చల్లని గదులు లేవు, తాగునీరు సైతము పడవలమీద రావలసియుండెను. వారు తమతో తెచ్చినది చదువొక్కటే. దానిని ఇచ్చిరి.

కైరోలో ఒక ఇల్లు

తన పిల్లలనే ఉపాధ్యాయులుగా తీర్చుకొననిదే బడి నిలువదని కువైటు పెద్దలు త్వరలోనే గ్రహించిరి. 1939లో ఒక చిన్న విద్యార్థి బృందమును కైరో నగరమందలి సుప్రసిద్ధమైన అల్‌ అజ్‌హర్ విద్యాపీఠమునకు పంపిరి. అందులో ఇరువురు యువకులు ముఖ్యులు. ఒకరు అబ్దుల్ అజీజ్ హుసేన్, రెండవవారు అహ్మద్ అల్‌ అద్వానీ. ఆరేండ్లకు, 1945లో, హమద్ అల్‌ రుజైబ్ అను మూడవ యువకుడు ఉపాధ్యాయ శిక్షణకై అదే నగరమునకు పోయెను. అప్పటికి విద్యార్థుల సంఖ్య పెరిగినందున, వారికొరకు ఆ సంవత్సరముననే బైతుల్ కువైట్, అనగా కువైటు ఇల్లు, అను వసతిగృహము కైరోలో తెరువబడెను. దాని పర్యవేక్షణ అబ్దుల్ అజీజ్ హుసేన్ గారికి అప్పగింపబడెను.

ఒకే ఇంట తిని, ఒకే దీపముక్రింద చదివిన ఆ యువకులు 1946వ సంవత్సరము డిసెంబరులో ఒక పత్రికను ప్రారంభించిరి. దాని పేరు అల్‌ బిఅసా, అనగా చదువుకై పంపబడిన బృందము. పరదేశమునకు పంపబడినవారమని, తమను పంపినవారు వెనుక కలరని ఆ పేరే ప్రతినెలయు జ్ఞాపకము చేయుచుండెను. 1954 వరకు నడచిన ఆ పత్రికలో చదువుకొనుచున్నవారి వార్తలు, వ్యాసములు, కవితలు వెలువడెను. 1948లో ఆ ఇంటి విద్యార్థులు ఒక నాటకము కూడ ప్రదర్శించిరి. ఆలోచన రుజైబ్ గారిది, రచన అద్వానీ గారిది. కువైటువారు స్వయముగా వ్రాసికొన్న తొలి నాటకములలో దానిని లెక్కింతురు.

ఇదియే సతీర్థ్యభావము. ఒకరికి ఆలోచన కలదు, ఒకరికి కలము కలదు, ఒకరికి ఇంటిని నడపు ఓర్పు కలదు. పరీక్షలలో ఎవరికి ఎన్ని మార్కులు వచ్చినవో నేడు ఎవరికిని జ్ఞప్తిలేదు. ఆ ముగ్గురు కలసి చేసిన పని మాత్రము నిలిచినది.

శిక్షణ ముగిసి స్వదేశమునకు తిరిగిన పిమ్మట వారు ఎవరిదారిని వారు పోలేదు. అద్వానీ గారు 1949లో తిరిగివచ్చి బడిపంతులైరి. రుజైబ్ గారు 1950లో వచ్చిరి. 1951లో కువైటు ఉపాధ్యాయులకు ఒక సంఘము, ఉపాధ్యాయుల క్లబ్బు అను పేరుతో, ఏర్పడెను. 1952లో ఆ క్లబ్బు తరఫున అల్‌ రాయిద్ అను పత్రిక వెలువడెను. దానిని నడపినవారిలో అద్వానీ, రుజైబ్ గార్లు ముఖ్యులు. చూడుడు, కైరోలో విద్యార్థులుగా మొదలిడిన అలవాటును ఉపాధ్యాయులైన పిమ్మటను వదలలేదు. అదే సంవత్సరమున, లండనులో విద్యాశాస్త్రము అభ్యసించి వచ్చిన అబ్దుల్ అజీజ్ హుసేన్ గారు కువైటు విద్యాశాఖకు అధిపతియైరి. తరువాతి దశాబ్దమున ఆయన హయాములో పాఠశాలలు వాడవాడల వెలసెను. 1961లో దేశము స్వతంత్రమయ్యెను, 1965లో నిర్బంధవిద్యా శాసనము వచ్చెను, 1966లో కువైటు విశ్వవిద్యాలయము తెరువబడెను. 1973లో సాహిత్యమునకును కళలకును జాతీయమండలి యేర్పడినప్పుడు హుసేన్ గారు మంత్రి, అద్వానీ గారు ఆ మండలికి మొదటి ప్రధాన కార్యదర్శి. 1939లో ఒకే ప్రయాణమున బయలుదేరిన ఇరువురు ముప్పదినాలుగేండ్ల తరువాతను ఒకే పనిలో భుజము భుజము కలిపియుండిరి. ఆ దేశపు జాతీయగీతమును వ్రాసినవారును అద్వానీ గారే. అది 1978నుండి పాడబడుచున్నది. అంతటి గీతమును వ్రాసినవాడు మొదట బడిపంతులే!

గురువునకు స్థలము కల్పించుట

ఇక గురుఋణము మాట. హమద్ అల్‌ రుజైబ్ గారు బాలుడుగానున్నప్పుడు, 1939లో, ముబారకీయా పాఠశాలలో ముహమ్మద్ మహమూద్ నజ్మ్ అను ఉపాధ్యాయుడు విద్యార్థులచేత ఒక నాటకము వేయించెను. ఆ నాటకములో పాత్ర ధరించిన పిల్లలలో రుజైబ్ ఒకడు. అక్కడ నాటుకొన్న విత్తనమువలననే, కైరోకు ఉపాధ్యాయ శిక్షణకై పోయినప్పుడు ఆయన నాటకకళను కూడ అభ్యసించెను. అక్కడ ఆయనకు లభించిన గురువు జకీ తులైమాత్ గారు, ఈజిప్టు రంగస్థలమునకు పెద్దదిక్కు.

కాలము గడచెను. శిష్యుడు స్వదేశమున సాంఘిక వ్యవహారముల శాఖలో ఉన్నతాధికారి యయ్యెను. అధికారము చేతికి వచ్చినప్పుడు ఆయన గురువునకు ఒక శాలువ పంపి ఊరకుండలేదు. గురువునే తన దేశమునకు పిలిపించెను. 1961లో, అరువదియైదేండ్లు దాటిన వయస్సున, తులైమాత్ గారు కువైటునకు వచ్చి ఒక నాటకసమాజమును నెలకొల్పెను. 1962లో దాని తొలి ప్రదర్శన జరిగెను. ఆ సమాజమున స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించిరి. నేడు గల్ఫుదేశములలో కువైటు నాటకమునకున్న పేరునకు ఆ పునాదియే కారణమని అందరును ఒప్పుకొందురు.

గురుదక్షిణ యన్నచో ఇది. గురువు మనకిచ్చినదానిని గురువునకే తిరిగి ఇచ్చుట కాదు, దానిని ఇంకను పదిమందికి ఇచ్చుటకు గురువునకు స్థలము కల్పించుట. సాందీపని మహర్షి దక్షిణగా అడిగినది సొమ్ము కాదు, సముద్రమున పోయిన తన కుమారుని. అనగా తన వంశము నిలువవలెనని కోరెను. ప్రతి గురువునకును విద్యయే వంశము. అది తనతో ఆగిపోకూడదనుటయే ఆయన కోరిక.

కృతజ్ఞతకు పరీక్ష

ఇంతవరకు చెప్పినది వినుటకు ఇంపైనది. ఇక చెప్పవలసినది అట్టిది కాదు. అయినను చెప్పకున్నచో ఈ వ్యాసము సగము నిజమే యగును.

1936లో వచ్చిన నలుగురితో మొదలైన రాక ఆగలేదు. 1948 తరువాత స్వదేశమున నిలువనీడలేని పాలస్తీనీయులు అనేకులు కువైటునకు వచ్చి ఉపాధ్యాయులుగను, ఇంజనీర్లుగను, గుమాస్తాలుగను స్థిరపడిరి. 1990 నాటికి వారి సంఖ్య సుమారు నాలుగు లక్షలు. కువైటులో రెండుమూడు తరములవారు వారివద్ద అక్షరములు దిద్దుకొన్నవారే. 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యములు కువైటును ఆక్రమించెను. పాలస్తీనా నాయకులు ఇరాకు పక్షమున నిలిచిరను కోపము కువైటు ప్రజల హృదయములలో మిక్కుటమాయెను. ఆక్రమణ కాలముననే అనేక పాలస్తీనీయులు దేశము విడిచిరి. 1991 ఫిబ్రవరిలో దేశము విముక్తమైన పిమ్మట మిగిలినవారిలో అధికభాగము వెడలిపోవలసి వచ్చెను. నాలుగు లక్షలలో మిగిలినవారు కొన్ని పదులవేలు మాత్రమే. నాయకులు చేసినదానికి బడిపంతులు మూటగట్టుకొనవలసి వచ్చెను.

ఆ దినములలో మనవారి కష్టమును తక్కువది కాదు. ఇరాకు మీదుగా ఎడారిదారిని జోర్డాను చేరినవారిలో తెలుగువారు వేలకొలది. అమ్మాను నగరమునుండి భారత ప్రభుత్వము విమానములమీద లక్షకుపైగా భారతీయులను స్వదేశమునకు చేర్చెను. జీవితకాలపు సంపాదనను విడిచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబములెన్నియో కలవు. 1959లో ఆరంభమైన భారతీయ పాఠశాల మొదలుగా అక్కడి మన బడులు మూతపడి, విమోచనానంతరము మరల తెరువబడెను.

తప్పొప్పులు నిర్ణయించుట మా పని కాదు. దేశము పోయినవాని దుఃఖము ఎట్టిదో కువైటువారు కూడ ఆ ఏడు నెలలలో ఎరిగిరి. మేము చెప్పదలచినది ఒక్కటే. కృతజ్ఞత సుఖకాలమున ఎవరికైనను వచ్చును. కోపము వచ్చినకాలమున, పదిమందియు ఒక జాతిని వేలెత్తి చూపినకాలమున, నాకు అక్షరము నేర్పినవాడు వీరిలో ఒకడే కదాయని తలచుకొనుట కృతజ్ఞతకు నిజమైన పరీక్ష. కాలము గడచినకొలది ఆ తలపు మరల మొలకెత్తినది. 2017లో కువైటు విద్యాశాఖ పాలస్తీనా ఉపాధ్యాయులను మరల పిలిపించుకొనెను. ఇరువదియైదేండ్లకు పైగా మూసియుండిన తలుపు బడిపంతులకొరకే మొదట తెరువబడుట చూడగా, గురుఋణము ఆలస్యముగా తీరవచ్చునేగాని పోవునది కాదని తోచుచున్నది.

మన యువ ఉపాధ్యాయులతో నాలుగు మాటలు

ఇప్పుడు మన ద్వీపమునకు వత్తము. మన పెద్దలు తోటల క్యాంపులలో సాయంకాలమున రామభజన ముగిసిన పిమ్మట పిల్లలను కూర్చుండబెట్టి ఇసుకలో అక్షరములు దిద్దించిరి. ఎక్కడనో దొరికిన ఒక పెద్దబాలశిక్షను పదిమంది పంచుకొనిరి. నేర్పినవాడు పగలంతయు చెరకు నరికినవాడే. జీతము లేదు, ధ్రువపత్రము లేదు. అతనికి శిక్షణ యిచ్చిన కళాశాల ఏదియు లేదు. ఆ తొలి పంతుళ్లలో అనేకుల పేర్లు కూడ మిగులలేదు. వారి తరువాతనే తెలుగు ప్రాథమిక పాఠశాలలలో ప్రవేశించెను. 1970లో మహాత్మా గాంధీ సంస్థ, 1973లో మారిషసు విద్యా సంస్థ ఏర్పడి మన ఉపాధ్యాయులకు క్రమమైన శిక్షణ లభించెను. కాబట్టి నేడు శిక్షణ ముగించుకొని ధ్రువపత్రము చేతబట్టిన ప్రతి యువ ఉపాధ్యాయుని వెనుకను ఇసుకలో వ్రాసిన ఒక చేయి కలదు.

శిక్షణాకాలమున జరుగునదేమో తలచుకొనుడు. మొదటిసారి తరగతియెదుట నిలిచినప్పుడు కాళ్లు వణకును. నోట మాట రాదు. వెనుక బల్లమీద కూర్చున్న శిక్షకుడు పుస్తకములో ఏమో వ్రాసికొనుచుండును. ఆ గంట ముగిసిన పిమ్మట ఆయన నలుగురియెదుట నవ్వులపాలు చేయక, పక్కకు పిలిచి, నీ స్వరము చివరి వరుసకు వినబడలేదు, రేపు కిటికీవైపు నిలిచి చెప్పుమని రెండే మాటలనును. ఆ రెండు మాటలే ఒకని జీవితమును నిలబెట్టును. తోటివారో? ఒకరు అట్టముక్కలమీద అక్షరములు వ్రాసి ఇత్తురు, ఒకరు పాఠప్రణాళిక రాత్రి కూర్చుండి సరిదిద్దుదురు, ఒకరు తమ టిఫినుడబ్బాలోని రొట్టెను పంచుదురు. ముత్యపు పడవమీద తాడు పట్టినవానివలె, మనము అడుగున ఊపిరాడక ఉన్నప్పుడు పైకి లాగినవారు వారే.

అట్టి వారికి కృతజ్ఞత ఎట్లు చూపవలెను? కైరోలోని ఆ ఇంటివారినుండి మనము నేర్చుకొనదగినవి కొన్ని కలవు.

మొదటిది, విడిపోవునాటితో సంబంధము తెగనీయరాదు. వారు ఇంటినుండి పత్రికకును, పత్రికనుండి ఉపాధ్యాయుల సంఘమునకును తమ స్నేహమును కొనిపోయిరి. మన సతీర్థ్యులును వేర్వేరు గ్రామముల బడులలో చేరినను మాసమునకొకసారి మందిరపు మండపమున కలిసికొని, ఎవరి తరగతిలో ఏ పాఠము పిల్లలకు ఎక్కలేదో, ఎవరికి ఏ ఉపాయము ఫలించినదో చెప్పుకొనవచ్చును. దీనికి ఖర్చు లేదు, అరగంట కావలెను.

రెండవది, తోటివాని ప్రతిభకు అసూయపడక దానికి తన ప్రతిభను జతపరుపవలెను. ఆలోచన ఒకరిది, రచన ఒకరిది కాగా ఒక దేశమునకు తొలి నాటకము లభించినది. పాట బాగుగా పాడువాడు, బొమ్మ బాగుగా వేయువాడు, కథ బాగుగా చెప్పువాడు ముగ్గురును కలిసినచో ఉగాదినాడు మన పిల్లలచేత ఎంతటి కార్యక్రమమైనను చేయింపవచ్చును.

మూడవది, గురువునకు దండ వేయుటతో ఆగక ఆయన విద్యకు స్థలము చూపవలెను. ఉద్యోగవిరమణ చేసిన మన పెద్ద పంతుళ్లు అనేకులు ఇంటి వసారాలో కూర్చుండి కాలము గడపుచున్నారు. వారిని నెలకొకసారియైనను మన తరగతికి పిలిచి ఒక పాఠము చెప్పించుకొనుట శాలువకంటె గొప్ప గౌరవము. పదవిలో ఉన్న శిష్యులు ఈ మాటను మరింత గమనింపవలెను.

నాలుగవది, మనకు చదువు చెప్పినవాని జాతిని, మతమును, దేశమును చూచి ఋణమును కొలువరాదు. మన పిల్లలు చదువు బడులలో నేడు ఎన్నో మతముల ఉపాధ్యాయులు కలరు. ఎక్కడనో జరిగిన కలహమునుబట్టి ఇచ్చటి పంతులుగారిని పిల్లలు తక్కువగా చూచు దినము మన ద్వీపమున రాకుండ కాచుట తల్లిదండ్రుల ధర్మము. అది ఇంటిలో భోజనమువేళ మనము ఆడు మాటలతోనే మొదలగును.

తైత్తిరీయోపనిషత్తులో శిక్షావల్లి యను భాగము కలదు. చదువు ముగించి పోవుచున్న శిష్యునకు ఆచార్యుడు చేయు హితోపదేశము అందులో నున్నది. దానిని మన మందిరములలో అనేకులు వినియే యున్నారు. ఆ ఉపదేశమున ఆచార్యుడు శిష్యుని తన మంచి నడతలనే అనుసరింపుమని, తక్కినవానిని కాదని చెప్పుటయు, చదువుటను చదువు చెప్పుటను ఎన్నడును మానవద్దని హెచ్చరించుటయు గమనింపదగినవి. ఋషిఋణము చదువుటచేతను, చదువు చెప్పుటచేతను తీరునని మన శాస్త్రములయందు చెప్పబడినది. నేర్చుకొన్నదానిని నేర్పుటయు ఆ మార్గమే.

ఈ సంవత్సరము శిక్షణ ముగించుకొనుచున్న మన బిడ్డలందరికిని, వారిని తీర్చిన గురువులకును, వారికి తోడునిలిచిన సతీర్థ్యులకును మా హృదయపూర్వక శుభాకాంక్షలు. బడి తెరచిన మొదటినాడు తరగతిలో అందరికంటె వెనుక, మాట్లాడుటకు జంకుచు కూర్చున్న బిడ్డ యొకడు తప్పక యుండును. మీ గురువు మీకిచ్చిన ఆ రెండు మాటలను ఆ బిడ్డకు ఇండు. మీ ఋణమునకు అది మొదటి వాయిదా.